గోత్రము తెలియని బిడ్డలు – పూర్వజన్మ విచారము

హడ్సన్ నదికి పడమటి గట్టున జెర్సీ సిటీ పట్టణము కలదు. దాని తూర్పు తీరమున నిలిచి చూచినచో నీటి నడుమ ఎల్లిస్ దీవి కనబడును. 1892వ సంవత్సరము మొదలు 1954 వరకు ఆ దీవి అమెరికాకు వలసవచ్చువారికి తొలి వాకిలిగా నుండెను. సుమారు ఒక కోటి ఇరువది లక్షల మంది ఆ వాకిలి దాటి లోపలికి వచ్చిరి. వారిలో పెక్కుమంది పడవపై జెర్సీ సిటీ రేవునకు చేరి, అచ్చటి రైలు స్టేషనులో బండి యెక్కి దేశము నలుమూలలకు చెదరిపోయిరి. ఆ స్టేషనునుండి 1967లో రైళ్ళు నిలిచిపోయినవి. కట్టడము మాత్రము నేడును లిబర్టీ స్టేట్ పార్కులో నిలిచియున్నది. పాత ఊరును, పాత భాషను ఒక గట్టున విడిచి వేరొక గట్టున క్రొత్త బ్రతుకు మొదలిడుట ఈ పట్టణపు నీటికి క్రొత్త గాదు. ఒక్క దేహముతోనే రెండు జన్మములెత్తుట యని దీనిని చెప్పవచ్చును.

ఆ పట్టణమునందే, జర్నల్ స్క్వేరునకు చేరువలో, న్యూఆర్క్ అవెన్యూ వీధి పొడవునను భారతీయుల దుకాణములు, భోజనశాలలు, దేవాలయమును ఉన్నవి. ఈ ప్రాంతమునకు తెలుగు రక్తము రెండు త్రోవల వచ్చినది. 1965 నాటి వలస చట్టము తలుపు తెరచిన పిదప నేరుగా ఆంధ్రదేశమునుండి విమానమున వచ్చినవారు కొందరు. నాలుగైదు తరముల క్రిందట చెఱకుతోటల పనికై ఓడలెక్కి మారిషసునకో, నేటాలునకో, గయానాకో, ఫిజీకో పోయినవారి సంతానమై పుట్టి, మరల సముద్రము దాటి వచ్చినవారు మరికొందరు. గయానాలో మద్రాసీలని పేరుబడినవారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు.

దేవాలయమున అర్చన జరుగునపుడు ఈ రెండు త్రోవలును ఒకచోట కలియును. ఆ కలిసినచోటనే ఒక చిన్న ముల్లు గ్రుచ్చుకొనును. అర్చకుడు సంకల్పము చెప్పుటకై గోత్రమడుగును. విమానమున వచ్చినవారు భారద్వాజమనియో, కౌండిన్యమనియో తడబడక చెప్పుదురు. ఓడల సంతతివారు మాట్లాడరు. గోత్రము తెలియనివారికి కాశ్యపమని చెప్పుట వాడుక గనుక అర్చకుడు మంచి మనస్సుతోనే కాశ్యపమని చెప్పి పూజ ముగించును. తప్పేమియు లేదు. కాని ఆ కుటుంబములోని పిల్లవాడు ఇంటికి పోయిన తరువాత ఊరుకొనడు. గోత్రమనగా నేమి, అది యెట్లు పోయినది, తాతకు తండ్రి యెవరు, ఆయన కంటె ముందు ఎవరు, చనిపోయినవారందరు ఏమైరి, తాను పుట్టకముందు ఎక్కడ నుండెను – ఇట్లు ఒక ప్రశ్నకు మరొక ప్రశ్న పుట్టుచుండును. వంశమును గూర్చిన ప్రశ్న ఎక్కడ ముగిసినదో, ఆత్మను గూర్చిన ప్రశ్న ఎక్కడ మొదలైనదో ఆ బాలునికి తెలియదు. నిజమునకు ఆ రెండింటి నడుమ గీత గీయుట పెద్దలకును సులభము గాదు.

మొదటి ప్రశ్నకు కొంత జవాబు కాగితములలో నున్నది. 1834లో మారిషసునకును, 1838లో గయానాకును, 1860లో నేటాలునకును, 1879లో ఫిజీకిని ఒప్పంద కూలీల ఓడలు పోవ నారంభించినవి. నేటాలు చేరిన మొదటి ఓడ ట్రూరో. మద్రాసునుండి 342 మందితో బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ రేవునకు చేరెను. 1911 వరకు ఆ ఒక్క దేశమునకే పోయినవారు 1,52,184 మంది. ఓడ యెక్కించుటకు ముందు గుమాస్తా ప్రతివారిని నిలువబెట్టి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గల గుర్తులు వ్రాసికొనెను. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకొనిన అప్పలస్వాములు ఆ గుమాస్తాల చేతిలో ఎన్ని రూపములు పొందిరో చెప్పనలవి గాదు. ఊరి పేరు చెవికి వినిపించినట్లు వ్రాయబడినది. ప్రక్కన ఒక సంఖ్య. తోటలో ఆ మనిషికి ఆ సంఖ్యయే పేరు. మారిషసులోని మోకా గ్రామమున మహాత్మా గాంధీ సంస్థలో అట్టి దస్తావేజులు భద్రపరుపబడియున్నవి. 1860ల తరువాత వచ్చినవారి ఛాయాపటములు కూడ వానిలో కలవు. ముత్తాత ముఖమును తొలిసారి అచ్చట చూచి కన్నీరు పెట్టుకొనువారు కలరు.

ఆ కాగితము గొప్పదే. అయినను అది చెప్పున దేమి? ఎడమ మోకాటిపై మచ్చ యున్నదని చెప్పును. ఆ మనిషి దేనికి భయపడెనో, ఓడ కదలునపుడు ఎవరిని తలచుకొనెనో, దేవుని ఏ పేరున పిలిచెనో చెప్పదు. మచ్చ దేహముతో బూడిదయైనది. మచ్చగలవాడు ఏమయ్యెను? ఇచ్చటనే రెండవ ప్రశ్న లేచును. దానికి కాగితములు చాలవు, శాస్త్రమును అడుగవలెను.

శాస్త్రమున మొదట తలచుకొనదగినవాడు సత్యకాముడు. ఛాందోగ్యోపనిషత్తులోని ఆ కథ తోటల సంతతివారి కొరకే చెప్పబడినట్లుండును. గురుకులమునకు పోదలచిన బాలుడు తల్లియైన జబాలను తన గోత్ర మేమని యడుగును. ఆమె దాచదు. పడుచుదనమున పలువురి యిండ్ల పరిచర్య చేయుచు తిరుగునాడు నిన్ను కంటిని, నీ గోత్రము నాకు తెలియదు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, కనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకొమ్మని చెప్పును. హారిద్రుమత గౌతముని యెదుట బాలుడు ఆ మాటలనే అక్షరము మార్పక చెప్పును. కాశ్యప మని చెప్పి తప్పించుకొనలేదు. గౌతముడు ఆ సత్యమును చూచియే వానిని శిష్యునిగా స్వీకరించి, బక్కచిక్కిన నాలుగువందల ఆవులను అప్పగించెను. అవి వేయి యగువరకు తిరిగిరానని పలికి సత్యకాముడు అడవికి తోలుకొనిపోయెను. అచ్చట వానికి బ్రహ్మమును బోధించినవారు ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి. పుట్టుక తెలియని పిల్లవానికి పాఠము చెప్పుటకు లోకమంతయు ముందుకు వచ్చినది.

ఆ ఉపనిషత్తులోనే, కొంత ముందునకు పోగా, వేరొక బాలుడు కనబడును. శ్వేతకేతువునకు గోత్రము తెలియును. తండ్రి గౌతముడే వానికి గురువు. చదువు పూర్తియైనదన్న ధీమాతో పాంచాల రాజసభకు పోయెను. ప్రవాహణ జైవలి యను రాజు వానిని అయిదు ప్రశ్న లడిగెను. జనులు మరణించి ఎక్కడికి పోవుదురు? ఎట్లు తిరిగి వత్తురు? దేవయాన పితృయానములు ఎక్కడ వేరగును? ఇందరు పోవుచున్నను పరలోకమేల నిండిపోదు? అయిదవ ఆహుతిలో జలము మనుష్యరూపమెట్లు దాల్చును? బాలునికి ఒక్కదానికిని జవాబు తెలియలేదు. కోపముతో ఇంటికి వచ్చి, అంతయు చెప్పితినంటివే యని తండ్రిని నిలదీసెను. తండ్రి చెప్పిన మాట విదేశములలోని ప్రతి తండ్రియు వినదగినది: తనకును తెలియదనెను, తెలిసియుండిన చెప్పకుందునా యనెను. అంతటితో ఆగక, పెద్దవాడై యుండియు, రాజు చెంతకు శిష్యుడై పోయెను. కొడుకు పట్టుకొని తెచ్చిన ప్రశ్నతో తండ్రి బడికి పోయిన కథ వేదమున నున్నది. బిడ్డలు అడిగిన దానికి జవాబు తెలియనప్పుడు గద్దించి కూర్చుండబెట్టుట వైదిక సంప్రదాయము గాదు.

రాజు బోధించిన పంచాగ్నివిద్య యిది. ద్యులోకమను అగ్నిలో శ్రద్ధ ఆహుతియై సోమమగును. మేఘమను అగ్నిలో సోమము వర్షమగును. భూమి యను అగ్నిలో వర్షము అన్నమగును. పురుషుని యందు అన్నము బీజమగును. స్త్రీ యందు బీజము శిశువగును. పోయిన ప్రాణి వానలో దిగి, పైరులో నిలిచి, అన్నమై, బిడ్డయై తిరిగి వచ్చును. వాన కొరకు ఆకాశము చూచి బ్రతికిన సేద్యగాండ్రకు ఈ బోధను విప్పి చెప్పనక్కరలేదు. చెఱకు నరికిన ముత్తవ్వకు వేదము చదువుట రాకపోయినను, మోడునుండి మరల పిలక లేచుట ఆమె ఏటేట చూచినదే.

అయితే ఆ ప్రకరణముననే ఒక కఠినమైన మాట యున్నది. దానిని దాటవేయుట న్యాయము గాదు. మంచి నడత గలవారు మంచి పుట్టుకను, చెడు నడత గలవారు నీచమైన పుట్టుకను పొందుదురని చెప్పి, అచ్చట కొన్ని జాతులను పేర్కొని శునకముతోను, సూకరముతోను జోడించుట జరిగినది. ఈ మాటను పట్టుకొని ఎన్ని తరములు ఎందరిని అణచినవో చరిత్రకు తెలియును. చెఱకుతోటలో కొరడా దెబ్బ తిన్న కూలీని చూచి, పూర్వజన్మ పాపమని పెదవి విరిచినవారును కలరు. అది సిద్ధాంతమునకు వెన్నుపోటు. దెబ్బ కొట్టినది దొర చేయి. ఆ చేతి కర్మ దొరదే. కర్మసిద్ధాంతము ఎవనికి వాడు తన లెక్క చూచుకొనుటకు ఇయ్యబడినది గాని ఎదుటివాని లెక్క వ్రాయుటకు గాదు. నాకు వచ్చిన కష్టమును నా కర్మయని సహించువానికి అది ఓర్పు. ఎదుటివాని కష్టమును వాని కర్మయని విడిచిపోవువానికి అది క్రొత్త పాపము. అన్నిటికంటె పెద్ద సాక్ష్యము, ఆ గ్రంథమే దాసి కొడుకైన సత్యకాముని ఆచార్యునిగా నిలిపినది.

భాగవతమున పంచమ స్కంధములోని జడభరతుని చరిత్ర ఈ విషయమునే మరొక వైపునుండి చూపును. తెనుగు భాగవతమున ఆ స్కంధమును రచించినవాడు గంగన. భరతుడు చక్రవర్తి. సర్వమును విడిచి గండకీ తీరమున పులహాశ్రమమున తపస్సు చేయుచుండగా, సింహగర్జనకు బెదరి దూకిన లేడి గర్భమునుండి ఒక పిల్ల నీటిలో జారిపడెను. ఆయన దానిని ఒడ్డునకు చేర్చి పెంచెను. దయ మంచిదే, దయ మోహమై ముదిరెను. లేడిపిల్లనే తలచుచు ప్రాణము విడిచి లేడియై పుట్టెను. పూర్వస్మృతి మాత్రము పోలేదు. ఆ స్మృతితోనే మూడవ జన్మమున బ్రాహ్మణుని యింట పుట్టి, మరల ఎవరితోను తగులుకొనకుండుటకై మందమతివలె, మూగవానివలె మెలగెను.

ఒకనాడు సింధు సౌవీర దేశముల రాజు రహూగణుడు పల్లకిలో పోవుచుండెను. ఒక బోయీ కొరవడగా, సేవకుల పెద్ద దారిన కనబడిన ఈ దృఢకాయుని పట్టి పల్లకి క్రింద పెట్టెను. అడుగలేదు, కూలి మాటాడలేదు. మద్రాసు రేవు చుట్టుపట్ల మేస్త్రీలు మనుష్యులను చేర్చిన తీరు తెలిసినవారికి ఈ ఘట్టము వింతగా తోచదు. అది జరిగిన నదీతీరము పేరు ఇక్షుమతి. చెఱకు గలదని ఆ పేరునకర్థము. చీమలను త్రొక్కకుండుటకై ఆయన నేలను చూచుచు అడుగు వేయగా పల్లకి కుదుపెక్కెను. రాజు ఎగతాళి చేసెను, పిదప దండింతునని బెదిరించెను. అప్పుడు గాని జడభరతుడు నోరు విప్పలేదు. మోయునది దేహము, బరువు దేహమునకు, బలిసినదియు చిక్కినదియు దేహమే, రాజు భృత్యుడన్న తేడా వాడుకలోనిదే గాని ఆత్మలో లేదని ఆయన బోధించెను. రాజు పల్లకి దిగి కాళ్ళపై బడెను. ఇచ్చట గమనింపవలసిన దొకటి యున్నది. తాను ఒకప్పుడు రాజునని ఆయనకు బాగుగ జ్ఞాపకమున్నది. ఆ జ్ఞాపకమును పల్లకి దిగుటకు వాడుకొనలేదు. చీమను త్రొక్కకుండుటకు వాడుకొనెను.

నేటి కాలమున పూర్వజన్మములు తెలిసికొనవలెనన్న కోరిక అమెరికాలోను, ఇండియాలోను బలిసినది. రుసుము చెల్లించి కన్నులు మూసికొనిన నిద్రావస్థలో వెనుకటి జన్మములు చూపెదమనువారు పెక్కుమంది. అట్టి నిద్రలో మనస్సు కల్పించినది జ్ఞాపకమువలె తోచునని మనశ్శాస్త్రజ్ఞులు హెచ్చరించియున్నారు. ఈ గదులలో రాజులును, రాణులును, యోధులును విరివిగా బయలుపడుదురు. పల్లకి మోసినవారు అరుదు. వర్జీనియా విశ్వవిద్యాలయమున మానసిక వైద్యాచార్యుడైన ఇయాన్ స్టీవెన్సన్ వేరొక త్రోవ పట్టెను. తమంతట తాము వెనుకటి జన్మమును గూర్చి పలికిన పిల్లల మాటలను దేశదేశముల తిరిగి సేకరించి, ఇరువది ఉదంతములను 1966లో గ్రంథముగా ప్రకటించెను. అవి పునర్జన్మమును సూచించునవని మాత్రమే అనెను, నిరూపించెనని చెప్పుకొనలేదు. 1926లో ఢిల్లీలో పుట్టిన శాంతీదేవి తన యిల్లు మథురలో నున్నదని బాల్యమున చెప్పగా, 1935లో ఒక సంఘము ఆమె వెంట మథురకు పోయి విచారించెను. ఆమె అవివాహితగనే జీవించి 1987లో పరమపదించెను. ఒక జన్మమున రెండిండ్ల బిడ్డయగుట సుఖమని ఎవరు చెప్పగలరు?

స్మృతి విషమగుటయు కలదు. కృష్ణాతీరమున అమరావతి స్తూపముపై శిల్పులు చెక్కిన జాతక కథలలో షడ్దంత గజరాజు కథ యొకటి. గజరాజునకు ఇద్దరు భార్యలు. పూలకొమ్మ కదిపినపుడు ఒకతెపై పూలును, మరొకతెపై ఎండుపుల్లలును చీమలును పడినవట. అంతమాత్రమునకే కక్ష బూని, ఆ రెండవది ప్రాణము విడిచి కాశీరాజునకు రాణియై పుట్టెను. పూర్వజన్మము చక్కగా జ్ఞాపకమున్నది. వేటగాని పంపి ఆ గజరాజు దంతములను కోయించెను. వేటగానికి కోయ శక్తి చాలకపోగా ఏనుగే సాయపడెను. దంతములు ఎదుటికి వచ్చినంతనే రాణి గుండె పగిలి మరణించెను. వెనుకటి జన్మము తెలిసినంత మాత్రమున ఆత్మజ్ఞానము కలిగినట్లు గాదని ఆంధ్రదేశపు రాళ్ళు సుమారు రెండువేల యేండ్లనుండి చెప్పుచునే యున్నవి.

మరి తెలిసికొను మార్గ మేది? పతంజలి రెండు చోట్ల దీనిని ప్రస్తావించెను. సంస్కారములను సాక్షాత్కరించుకొనినచో పూర్వజాతి తెలియునని ఒకచోట. అపరిగ్రహము, అనగా పరుల సొత్తు పుచ్చుకొనకుండుట, కూడబెట్టకుండుట, స్థిరపడినపుడు జన్మము యొక్క ఎట్లు ఎందులకు అన్నది తెలియునని మరొకచోట. పూర్వజన్మమును గూడ ఒక ఆస్తివలె సంపాదింపగోరువానికి అది దొరకదన్నమాట. వ్యాసభాష్యమున జైగీషవ్యుడను యోగి కథ యున్నది. పది మహాసృష్టులలో తానెత్తిన జన్మములన్నియు ఆయన చూచెను. సుఖమెక్కువగా కనబడెనా, దుఃఖమెక్కువగా కనబడెనా యని ఆవట్యుడు ప్రశ్నింపగా, దేవజన్మములతో సహా చూచినదంతయు దుఃఖముగనే యెఱిగితినని బదులు చెప్పెను. పది సృష్టుల చరిత్ర చూచి తెచ్చిన వార్త యిది.

సంస్కారములను చూచుటకు కన్నులు మూసికొని నిద్రపోనక్కరలేదు, తెరచి చూచినను చాలును. మారిషసులోని తెలుగుకుటుంబములలో భాష ఎన్ని తరములకో నాలుకపై సన్నగిల్లినను, రామభజనమును, సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు నిలిచినవి. పల్లవికి అర్థము తెలియని పిల్లవాని చేతితాళము తప్పదు. దీపము వెలిగించునపుడు కొంగు సవరించుకొను అలవాటు, ముద్ద మొదట ప్రక్కకు తీసి పెట్టు అలవాటు ఎవరు నేర్పిరో చెప్పలేనిచోట కూడ ఉండును. ఇవి వంశమునుండి వచ్చిన సంస్కారములు. ఇట్లే ఒక్కొక్క జీవుడు తనతో తెచ్చుకొనిన సంస్కారములును కలవు: ఒకే తల్లి కడుపున పుట్టి ఒకనికి చీకటి భయము, ఒకనికి నీటిపై మక్కువ, ఒకనికి పరుల కన్నీరు చూడలేని గుణము. గాలి పూలనుండి పరిమళమును మోసికొనిపోవునట్లు జీవుడు ఇంద్రియములను మనస్సును వెంటగొని పోవునని గీతాచార్యుడు ఉపమించెను. పువ్వు కనబడకపోయినను వాసనను బట్టి అది యేదియో చెప్పవచ్చును. ఏ మాటకు వెంటనే కోపము వచ్చునో, ఏ తలుపు ఎదుట కాలు ఆగునో రోజునకు ఒకసారి గమనించినవాడు తన వెనుకటి బ్రతుకును కొంత చదివినవాడే.

ఈ పట్టణపు తెలుగువారికి దేహమన నేమి, తానన నేమి యన్న ప్రశ్న గ్రంథములలోనిది మాత్రమే గాదు. 1987వ సంవత్సరమున జెర్సీ సిటీలోను పరిసరములలోను భారతీయులపై దాడులు జరిగినవి. దుండగులు బొట్టును తుడిచివేయువారమన్న అర్థము వచ్చు పేరు పెట్టుకొనిరి. బెదిరింపు లేఖ ఒకటి స్థానిక పత్రికలో అచ్చయినది. ప్రక్కనున్న హోబోకెను పట్టణమున ఒకరు ప్రాణము కోల్పోయిరి. ఆ దినములలో బొట్టు తీసి వీధిలోనికి పోయిన స్త్రీలు కలరు. వారిని నిందింప నెవరికి హక్కు? పెద్దదిగా పెట్టుకొనినవారును కలరు. ఆత్మకు నల్లదనము, తెల్లదనము లేవు, బొట్టు లేదు. అయినను దానిని తుడువ వచ్చిన చేతికి లొంగుట వేదాంతము గాదు. పునర్జన్మమును నమ్మువాడు మాత్రము మరొక మాట తలచుకొనవలసియుండును. అనాదియైన ఈ తిరుగుడులో తనకు ఎప్పుడో ఒకప్పుడు తల్లి కానివారు దొరకుట కష్టమని బౌద్ధులు చెప్పుదురు. రాయి విసరినవాడు ఆ సంగతి తెలియని మూఢుడు. తెలిసిన హిందువు ప్రక్కింటి నల్లజాతి వానిని, ఎదురింటి పోర్టోరికో వానిని, తన దేవాలయమునకే వచ్చిన గోత్రము లేని వానిని ఏ దృష్టితో చూచుచున్నాడో తానే చెప్పుకొనవలెను.

ఇక నారదుని కథ. పూర్వజన్మ మెఱిగినవారిలో నారదుని మించినవాడు లేడు. తాను ఎవరినని చెప్పుకొనెనో వినుట అవసరము. భాగవత ప్రథమ స్కంధమున, పోతన చేతి తెనుగులో, ఈ వృత్తాంతము పిల్లలకు చదివి వినిపింపదగినది.

వేదవాదులైన బ్రాహ్మణుల యింట ఒక దాసి పనిచేయుచుండెను. ఆమెకు ఒక్కడే కొడుకు. వర్షకాలమున నాలుగు నెలలు యోగులు కొందరు ఆ ఊర నిలిచిరి. ఆ పిల్లవాని వారి పరిచర్యకు పెట్టిరి. ఆటపాటలు మాని, మితముగా మాటాడుచు, వారు తిని విడిచినది అనుమతితో తినుచు, వారు చెప్పుకొను హరికథలు చెవియొగ్గి వినుచు ఉండెను. వర్షములు వెడలగా, పోవుచు వారు ఆ పిల్లవానికి రహస్యమైన జ్ఞానమును ఉపదేశించిరి. దాసికొడుకునకు ఎందులకని వారిలో ఒక్కరును తలపలేదు.

తల్లికి కొడుకుపై ప్రాణము. వానికి ఏదో చేయవలెనని ఉండును. కాని పరాధీన, తన పొద్దు తనది గాదు. ఈ ఒక్క మాటలో తోటల తల్లుల బ్రతుకంతయు ఇమిడియున్నది. తెల్లవారకముందే పాఱ పట్టి వరుసలోనికి పోవలసినవారు, చంటిబిడ్డను గట్టున గుడ్డపై పండుకొనబెట్టినవారు దీనిని ఎఱుగుదురు. ఒక రాత్రి ఆమె ఆవును పిదుకుటకై వెలికి పోగా చీకటిలో పాము కాలికి తగిలి కరచెను. ఆమె పోయెను. బాలునికి అయిదేండ్లు, దిక్కులు తెలియవు. ఆ పిల్లవాడు దానిని భగవంతుని అనుగ్రహముగా తలచి ఉత్తరదిక్కునకు నడచెను. ఈ మాట వినుటకు కఠినము. తల్లి చావును అనుగ్రహమనుట ఎట్లని అడుగువారికి జవాబు వెంటనే దొరకదు. ఏడ్వలేదని మాత్రము కథలో లేదు, నిలిచిపోలేదని యున్నది.

పట్టణములు, పల్లెలు, గనులు, పొలములు, అడవులు దాటి పోయి, అలసి, ఒక మడుగున మునిగి, నీరు త్రాగి, రావిచెట్టు క్రింద కూర్చుండి, విన్న రీతిగా ధ్యానించెను. ఒక్క క్షణము స్వామి హృదయమున కనబడెను. మరుక్షణము లేడు. బాలుడు లేచి, మరల కూర్చుండి, ఎంత వెదకినను కనబడలేదు. ఈ జన్మమున మరల చూడజాలవు, ఒక్కసారి చూపినది నీ కోరిక పెరుగుటకే యని అశరీరవాక్కు వినవచ్చెను. మిగిలిన బ్రతుకంతయు ఆ ఒక్క క్షణపు ఆకలితో, నామము పాడుకొనుచు, భూమిపై తిరిగెను. దేహము రాలెను. ప్రళయము గడచి, వేయి యుగముల పిమ్మట, మరీచి మొదలగు ఋషులతోపాటు బ్రహ్మనుండి నారదుడై వెలువడెను. స్వామి యిచ్చిన వీణ చేతికి వచ్చెను.

ఇంతటివాడు, మూడు లోకముల తిరుగువాడు, తన కథ మొదలిడునపుడు నేనొక దాసి కొడుకునని మొదలిడెను. అడిగినవాడు లేడు. చెప్పకున్న తెలియు మార్గమును లేదు. విన్నవాడు వ్యాసుడు. వేదములు విభజించి, భారతము రచించియు, మనస్సున ఏదో వెలితితో సరస్వతీ తీరమున కూర్చుండియుండెను. ఆయన పుట్టుకయు చెప్పుకొనదగినదే: పడవ నడపు దాశరాజు కూతురు సత్యవతి కడుపున, యమునా నది నడుమ ద్వీపమున పుట్టెను. ద్వీపమున పుట్టెను గనుకనే ద్వైపాయను డనిరి. దాసి బిడ్డ చెప్పెను, దీవి బిడ్డ వినెను. కథ ముగించి నారదుడు వీణ మీటుచు వెడలిపోయెను. రేగుచెట్లు క్రమ్మిన శమ్యాప్రాసమను ఆశ్రమమున వ్యాసుడు నీరు ముట్టి, ఆచమించి, మనస్సు నిలిపి కూర్చుండెను.